సుగ్గికి పోకముందే ఖాతా చూసుకోండి

కోడుమూరు, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళ అక్కలకు, అన్నలకు, అవ్వలకు, తాతలకు ఈ పూట ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మన బ్యాంకు ఖాతాల సంగతి. కాసేపు చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఇంట్లో పాస్‌బుక్కు ఎక్కడుందో గుర్తు చేసుకుంటూ వినండి.

2025 మే 1న మన గ్రామీణ బ్యాంకు పేరు మారింది. అంతకుముందు మన వైపు ఉన్నది ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు. రాష్ట్రంలో ఇంకో మూడు గ్రామీణ బ్యాంకులు ఉండేవి. చైతన్య గోదావరి, సప్తగిరి, గ్రామీణ వికాస్ బ్యాంకు. రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు ఉండాలని కేంద్రం నిర్ణయించింది. నాలుగింటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. ప్రగతి బ్యాంకుకు వెనక అండగా కెనరా బ్యాంకు ఉండేది. కొత్త బ్యాంకుకు యూనియన్ బ్యాంకు అండ.

పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. 1976లో పెట్టిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2006లో దాన్ని శ్రీ అనంత, పినాకిని బ్యాంకులతో కలిపి ప్రగతి బ్యాంకు అన్నారు. ఇప్పుడు ఇంకో పేరు. అప్పట్లో ఖాతా తెరిచిన రైతు ఒక్క జన్మలో మూడు బోర్డులు చూశాడు. పెద్ద బ్యాంకులూ ఇలాగే కలిశాయి. సిండికేట్ బ్యాంకులో ఖాతా ఉన్నవాళ్ళు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకు వాళ్ళయ్యారు. అదే రోజు ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో మొదలుపెట్టిన బ్యాంకు అది.

బోర్డు మారితే డబ్బు పోతుందా? పోదు. ఈ మాట ముందే చెప్తున్నాను. బ్యాంకులు కలిసినంత మాత్రాన మీ ఖాతాలో ఉన్న రూపాయి ఎక్కడికీ పోదు. డిపాజిట్టు పోదు. డ్వాక్రా సంఘం పొదుపు పోదు. మీ అప్పు కూడా అలాగే ఉంటుంది. ఎవరైనా వచ్చి పాత బ్యాంకు మూతపడింది, డబ్బు తీసుకోకపోతే పోతుంది అని చెప్తే నమ్మకండి.

మరి ఇబ్బంది ఎక్కడ? బ్యాంకులో ఏ చిన్న మార్పు వచ్చినా దాని ఖర్చు అందరి మీదా ఒకేలా పడదు. అక్కడే ఇబ్బంది.

నెల జీతం వచ్చే మనిషిని తీసుకోండి. బ్యాంకు నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది. చదువుతాడు. డబ్బు ఏ బ్రాంచికి పోవాలో చెప్పే కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ నంబరు ఆఫీసులో ఇస్తాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇప్పుడు ఊళ్ళో ఉపాధి హామీ పనికి పోయే అక్కను తీసుకోండి. ఆమెకు మెసేజ్ రాదు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేదు. వచ్చినా అది ఇంగ్లీషులో ఉంటుంది. డబ్బు పడలేదని తెలిసిన రోజే ఆమెకు మార్పు సంగతి తెలుస్తుంది. పని మానుకుని బ్యాంకుకు పోవాలి. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఆ 307 పోయింది. పైన ఆటో చార్జీ. బ్యాంకులో వరుస. మధ్యాహ్నానికి సర్వర్ లేదంటారు. రేపు రమ్మంటారు. రేపటి కూలీ పోయింది.

ఆమె ఖాతా నుంచి బ్యాంకు ఒక్క రూపాయి కూడా కొయ్యలేదు. అయినా ఆమె చేతి నుంచి 600 రూపాయల పైన పోయాయి. ఈ లెక్క ఏ పాస్‌బుక్కులోనూ కనిపించదు.

గ్రామీణ బ్యాంకుల చట్టం 1976లో వచ్చింది. ఈ బ్యాంకులు ఎవరి కోసమో అందులోనే రాశారు. చిన్న రైతులు, సన్నకారు రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల వాళ్ళు. అంటే మనవాళ్ళే. కోడుమూరు మగ్గం మీద కూర్చున్న నేతన్న, ఆదోని యార్డులో పత్తి మూటలు మోసే హమాలీ, ఆస్పరి వైపు టమోటా కోసే అక్క. వాళ్ళ కోసం పెట్టిన బ్యాంకులో మార్పు వస్తే, ఆ మార్పు సంగతి ముందుగా వాళ్ళ చెవిన పడాలి. అది న్యాయం. ఆ న్యాయం జరిగే దాకా మన జాగ్రత్త మనం పడాలి.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. డబ్బు రావాల్సిన రోజు వచ్చాక ఖాతా వెతుక్కోవద్దు. డబ్బు రాకముందే ఖాతా చూసుకోండి. మనవాళ్ళు సుగ్గికి, అంటే కోతలకు, పనులకు వలస పోయే ముందే చూసుకోండి.

చూసుకోవడం అంటే ఏం చూడాలి? అన్నిటికంటే ముందు ఆధార్ ముడి.

మనలో చాలామంది అనుకునేది ఏమిటంటే, సర్కారు డబ్బు పాస్‌బుక్కు మీదున్న నంబరు చూసి వస్తుందని. చాలా పథకాలకు ఇప్పుడు అలా రాదు. ఉపాధి కూలి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారంగానే వేస్తున్నారు. తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, గ్యాస్ రాయితీ, పీఎం కిసాన్, ఇవన్నీ మీ పన్నెండంకెల ఆధార్ నంబరును పట్టుకుని వస్తాయి. ఆ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. దాన్ని ఎన్‌పీసీఐ అనే సంస్థ చూస్తుంది. సచివాలయంలో 'ఎన్‌పీసీఐ లింకు లేదు' అంటారు చూడండి, అది ఈ పట్టిక సంగతే.

గాజులదిన్నె కాలువ కింద పొలం ఉన్నవాళ్ళకు ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది. కాలువలో నీళ్ళు వస్తున్నాయి. మీకు మూడు మళ్ళున్నాయి. నీళ్ళు ఏ మడికి పోతాయి? మడవ ఎటు తిప్పి ఉంటే అటే పోతాయి. నిన్న రాత్రి ఎవరో మడవ పక్క మడికి తిప్పారు. పొద్దున్నే మీరు మొదటి మడిలో నిలబడి చూస్తే తడి ఉండదు. నీళ్ళు రాలేదు అనుకుంటారు. వచ్చాయి. పక్క మడిలో నిలిచి ఉన్నాయి.

ఆధార్ ముడి అలాంటి మడవ. మీకు మూడు బ్యాంకుల్లో ఖాతాలు ఉండొచ్చు. మూడింటికీ ఆధార్ కాగితం ఇచ్చి ఉండొచ్చు. కానీ సర్కారు డబ్బుకు మడవ ఒక్కటే. ఆఖరున ఏ బ్యాంకు మీ ఆధార్‌ను ఆ పట్టికలో ఎక్కించిందో, డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. మళ్ళీ చెప్తున్నాను. ఆఖరున ఎక్కడ ముడి వేశారో అక్కడికే పోతుంది.

ఒక ఇల్లు అనుకుందాం. కోడుమూరు దగ్గర ఒక పల్లె. ఆ ఇంటి తల్లికి డ్వాక్రా కోసం తెరిచిన గ్రామీణ బ్యాంకు ఖాతా ఉంది. జన్‌ధన్ వచ్చినప్పుడు ఇంకో బ్యాంకులో తెరిచింది. మొన్న గుంటూరు వైపు మిరప కోతకు పోయినప్పుడు అక్కడ ఎవరో ఫోనుకు సిమ్ ఇప్పిస్తూ వేలిముద్ర పెట్టించుకుని ఇంకో ఖాతా తెరిచారు. ఆ మూడో ఖాతా ఉన్నట్టు కూడా ఆమెకు సరిగా తెలియదు. 2025 జూన్‌లో తల్లికి వందనం వేశారు. బిడ్డకు 13 వేలు. ఆమె గ్రామీణ బ్యాంకుకు పోయింది.

"సార్, మా పాప లెక్క పడిందా?"

"లేదమ్మా, ఏమీ పడలేదు."

"పక్కింటామెకు పడింది గదా సార్. నా లెక్క యాడికి పోయింది?"

కౌంటర్ దగ్గరున్న ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన ముందున్న కంప్యూటర్‌లో ఆ ఖాతాలో డబ్బు పడలేదు. ఆమె అడిగిందీ నిజమే. డబ్బు పడింది. మూడో ఖాతాలో పడింది. ఆమె అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "సార్, నా ఆధార్ ఏ బ్యాంకుకు లింకు అయి ఉంది?" ఈ ఒక్క ప్రశ్న గుర్తుంచుకోండి. "నా ఆధార్ ఏ బ్యాంకుకు లింకు అయి ఉంది?"

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2017లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు విషయంలో దేశం మొత్తం చూసింది. సిమ్‌కు ఆధార్ ఇవ్వడానికి పోయిన లక్షల మందికి వాళ్ళకు సరిగా తెలియకుండానే పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. వాళ్ళ గ్యాస్ రాయితీ పాత బ్యాంకుకు పోకుండా ఆ కొత్త ఖాతాల్లో పడింది. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ బ్యాంకుకు ఆధార్‌తో ఖాతాలు తెరిచే ఈ-కేవైసీ అనుమతిని ఆపేసింది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు 5 కోట్ల జరిమానా వేసింది. డబ్బు తిరిగి పాత ఖాతాలకు పంపించారు. కానీ అన్ని లక్షల ఇళ్ళలో మా గ్యాస్ డబ్బు ఏమైందని ఎన్ని రోజులు తిరిగి ఉంటారో ఆలోచించండి.

అందుకే వేలిముద్ర పెట్టే ముందు అడగండి. ఎందుకు పెట్టమంటున్నారు? సిమ్‌కా, రేషన్‌కా, కొత్త ఖాతాకా? కొత్త ఖాతా తెరవడం తప్పు కాదు. పోస్టాఫీసు వాళ్ళ ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకులో పోస్ట్‌మ్యాన్ అన్న ఇంటి దగ్గరే ఖాతా తెరుస్తాడు. కనీస నిల్వ అక్కర్లేదు. బ్యాంకు దూరంగా ఉన్న పల్లెకు అది మంచిదే. అయితే ఆ ఖాతాకు ఆధార్ ముడి వేస్తే మడవ అటు తిరిగిందని మీకు తెలిసి ఉండాలి. మళ్ళీ పాత బ్యాంకు కౌంటర్ ముందు నిలబడి ఉపయోగం లేదు.

ముడి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? సచివాలయానికి పోయి డిజిటల్ అసిస్టెంట్‌ను అడగండి. లేదా చదువుకున్న బిడ్డ ఇంట్లో ఉంటే 'మై ఆధార్' వెబ్‌సైట్‌లో చూడమనండి. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుంది. అది కొడితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఒక చోట ఉంటుంది. బ్యాంకు పేరు కనిపిస్తుంది. ముడి పనిచేస్తోందా, ఆగిపోయిందా అనేది కనిపిస్తుంది. ఏ తేదీన వేశారో కూడా కనిపిస్తుంది. ఖాతా నంబరు మాత్రం కనిపించదు. బ్యాంకు పేరు తెలిస్తే చాలు, మిగతాది ఆ బ్యాంకులో అడగొచ్చు.

ముడి మార్చుకోవాలంటే, డబ్బు ఏ బ్యాంకుకు రావాలని కోరుకుంటున్నారో ఆ బ్యాంకుకే పోండి. పాత బ్యాంకుకు పోనక్కర్లేదు. ఒక సమ్మతి పత్రం ఉంటుంది. అందులో ఇప్పటిదాకా ముడి ఏ బ్యాంకులో ఉందో రాయాలి. అది రాయకపోతే పని ఆగిపోయే అవకాశం ఉంది. అందుకే ముందు ముడి ఎక్కడుందో తెలుసుకుని పోండి. పత్రం ఇచ్చాక కొన్ని రోజులు ఆగి మళ్ళీ చూసుకోండి. మారిందని తేలే దాకా పని అయినట్టు కాదు.

ఇప్పుడు గ్రామీణ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళకు ఒక మాట. బ్యాంకులు కలిసినప్పుడు పేరు ఒక రోజు మారుతుంది. లోపలి కంప్యూటర్లు కలవడానికి ఇంకొంత కాలం పడుతుంది. ఆంధ్రా బ్యాంకు సంగతే చూడండి. కలిసింది 2020 ఏప్రిల్‌లో. పాత ఐఎఫ్‌ఎస్‌సీ నంబర్లు 2021 మార్చి 31 దాకా నడిచాయి. సిండికేట్ బ్యాంకు నంబర్లు 2021 జూన్ 30 దాకా నడిచాయి. తర్వాత ఆగిపోయాయి. ఆగిపోయిన రోజు ఎవరికి ఇబ్బంది అయిందంటే, బెంగళూరు నుంచి కొడుకు డబ్బు పంపిస్తే ఇక్కడ ఎదురుచూస్తున్న అమ్మకు. కొడుకు ఫోనులో పాత నంబరే ఉంది. కాబట్టి మీ పాస్‌బుక్కు తీసుకుని ఒకసారి పోయి కొత్త పేరుతో పాస్‌బుక్కు రాయించుకోండి. కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ నంబరు అందులో ఉంటుంది. దాని ఫొటో తీసి బయట ఊళ్ళలో ఉన్న బిడ్డలకు పంపండి.

వేలిముద్ర మిషన్ దగ్గర ఇంకో చిక్కు. ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు ఆయన ఆ మిషన్‌లో ముందు మీ బ్యాంకు పేరు ఎంచుకోవాలి. తర్వాత ఆధార్ నంబరు, తర్వాత వేలు. పాత పేరు ఎంచుకుంటే పని కాకపోవచ్చు. "అన్నా, మా బ్యాంకు పేరు మారింది, కొత్త పేరు పెట్టి చూడు" అని మీరే చెప్పండి. పత్తి తీసీ, శనక్కాయలు ఒలిచీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయిన అవ్వల వేలు మిషన్ ఒక్కసారికి పట్టదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఇంకో వేలు పెట్టించండి. పట్టలేదని రెండుసార్లు, మూడుసార్లు వేలు పెట్టిస్తే ప్రతిసారీ ఏమైందో అడగండి. చీటీ తీసుకోండి. చీటీలో ఎంత తీశారో, ఎంత మిగిలిందో రాసి ఉంటుంది. చదవడం రాకపోతే ఆ చీటీ ఇంటికి తెచ్చి బడికి పోయే మనవరాలితో చదివించండి. ఇంకో మాట. డబ్బు ఇచ్చినందుకు మిత్రకు కమీషన్ బ్యాంకు ఇస్తుంది. వెయ్యికి ఇరవై, ముప్పై మీ దగ్గర కోసుకోవడానికి వీల్లేదు. రిజర్వు బ్యాంకు నియమం అది.

ఖాతాలు సరిగా లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం 2024లో చూసింది. ఎన్నికల సమయం. అప్పటిదాకా ఇంటి దగ్గరే పింఛన్ ఇస్తున్న వాలంటీర్లతో ఇక ఇప్పించవద్దని ఎన్నికల సంఘం చెప్పింది. మే నెలలో దాదాపు 49 లక్షల మందికి పింఛన్ డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేశారు. అప్పుడు పింఛన్ 3 వేలు. మే నెల ఎండ మనకు తెలుసు. ముసలివాళ్ళు బ్యాంకుల ముందు వరుసల్లో నిలబడ్డారు. కొందరి ఖాతాలు ఏళ్ళ తరబడి వాడక ఆగిపోయి ఉన్నాయి. కొందరి ముడి ఏ బ్యాంకులో ఉందో వాళ్ళకే తెలియదు. కొందరికి ఖాతాలో నిల్వ లేదని పాత చార్జీలన్నీ ఆ పింఛన్‌లోంచే కోసుకున్నారు. మందులకు పెట్టుకున్న డబ్బు అది. ఆ ఏడాది జూలై నుంచి మళ్ళీ ఇంటి దగ్గరే ఇస్తున్నారు, సంతోషం. కానీ ఆ మే నెలను మనం మరిచిపోకూడదు. రేపు ఏ కారణం చేతనైనా పద్ధతి మళ్ళీ మారితే, మన అవ్వ ఖాతా సిద్ధంగా ఉండాలి.

కోత సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. మినిమం బ్యాలెన్స్ అంటారు. ఖాతాలో ఇంత డబ్బు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే జరిమానా. డబ్బు లేని మనిషికి డబ్బు లేదని జరిమానా వెయ్యడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. 2019–20 నుంచి 2023–24 దాకా ఐదేళ్ళలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఇలా వసూలు చేసింది సుమారు 8,500 కోట్లు. పార్లమెంటులో కేంద్రమే చెప్పిన లెక్క ఇది. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ జరిమానా ఎత్తేసింది. కెనరా బ్యాంకు 2025 జూన్ 1 నుంచి ఎత్తేసింది. ఇంకొన్ని ప్రభుత్వ బ్యాంకులు కూడా ఆ ఏడాదే ఎత్తేశాయి. అన్ని బ్యాంకులూ ఎత్తేయలేదు. ప్రైవేటు బ్యాంకుల్లో చాలాచోట్ల ఉంది. పైగా ఎత్తేసిన చోట కూడా మెసేజ్ చార్జీ, ఏటీఎం కార్డు చార్జీ వేరే ఉండొచ్చు.

దీనికి మందు ఒకటుంది. చాలామందికి తెలియదు. బేసిక్ సేవింగ్స్ ఖాతా. 2012 నుంచి ప్రతి బ్యాంకూ ఇది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇందులో సున్నా నిల్వ ఉన్నా జరిమానా లేదు. ఏటీఎం కార్డు ఉచితం. డబ్బు వేసుకోవడానికి చార్జీ లేదు. నెలకు నాలుగుసార్లు తీసుకోవడం ఉచితం. జన్‌ధన్ ఖాతాలు ఈ కోవలోవే. కొత్తగానే తెరవాలని లేదు. మీకు ఇప్పుడున్న మామూలు ఖాతానే బేసిక్ ఖాతాగా మార్చమని అడగొచ్చు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. 2025 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఈ నియమాలు ఇంకా మెరుగు చేసింది. అడిగిన ఏడు రోజుల్లో మార్చి ఇవ్వాలని, ఫోనుతో కట్టే డబ్బు ఆ నాలుగుసార్ల లెక్కలోకి రాకూడదని చెప్పింది. 2026 ఏప్రిల్ 1 ఇవి అమలు కావాల్సిన తేదీ.

బ్యాంకులో ఏమని అడగాలి? ఇలా అడగండి. "సార్, నా ఖాతా ఏ రకం? మినిమం బ్యాలెన్స్ ఉండాలా? ఉండాలంటే నాకు బేసిక్ ఖాతాగా మార్చండి." కాగితం మీద రాసి ఇవ్వండి. తెలుగులోనే రాయండి. నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో అడిగిన మాట గాలికి పోతుంది. ముద్ర పడిన కాగితం మీ చేతిలో ఉంటుంది.

ఇంకో నియమం కూడా తెలుసుకోండి. నిల్వ తక్కువైందని కొయ్యాలంటే బ్యాంకు ముందుగా మీకు తెలియజెప్పాలి, నెల గడువు ఇవ్వాలి. ఆ కోత వల్ల మీ ఖాతా సున్నా కంటే కిందికి పోకూడదు. 2015 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ఇది. మైనస్‌లో ఉంది, అది కడితేనే ఖాతా తెరుస్తాం అని ఎవరైనా అంటే, ఆ మైనస్ దేనివల్ల వచ్చిందో రాసి ఇవ్వమని అడగండి.

ఇక సుగ్గికి పోయేవాళ్ళ సంగతి. పడమటి మండలాల్లో వాన తప్పితే ఊళ్ళు సగం ఖాళీ అవుతాయి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి బొలేరోల్లో పిల్లాపాపలతో గుంటూరు మిరప కోతలకు పోతారు. హైదరాబాద్, బెంగళూరు కట్టడం పనులకు పోతారు. తాళం వేసిన ఇంటికి బ్యాంకు ఉత్తరం వస్తే ఎవరు తీసుకుంటారు?

ఆ ఉత్తరంలో ఉండేది చాలాసార్లు కేవైసీ సంగతి. జన్‌ధన్ పథకం 2014 ఆగస్టు 28న మొదలైంది. అప్పుడు తెరిచిన ఖాతాలకు పదేళ్ళు నిండాయి. పదేళ్ళకోసారి ఆధార్, చిరునామా మళ్ళీ చూపించాలి. రీ-కేవైసీ అంటారు. 2025 జూలై నుంచి పంచాయతీల్లో శిబిరాలు కూడా పెట్టారు. శిబిరం పెట్టిన రోజు మీరు కోతల్లో ఉంటే మీ పని అలాగే మిగిలి ఉంటుంది. దీని మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్ 12న ఒక మంచి మాట చెప్పింది. గడువు రాకముందు బ్యాంకు మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒక్కటైనా ఉత్తరం ఉండాలి. గడువు దాటాక మళ్ళీ మూడుసార్లు గుర్తు చెయ్యాలి. మీ వివరాలు ఏవీ మారకపోతే, మారలేదని బ్యాంకు మిత్ర దగ్గరే రాసి ఇవ్వొచ్చు. పెద్ద కాగితాల కట్ట అక్కర్లేదు. బ్యాంకు దాకా పోనక్కర్లేదు.

రెండేళ్ళు మీరు ఖాతాలో డబ్బు వెయ్యక, తియ్యక ఉంటే అది నిద్రపోయిన ఖాతా అవుతుంది. బ్యాంకు వేసే వడ్డీ, బ్యాంకు కోసే చార్జీ లెక్కలోకి రావు. మీరు చేసిన లావాదేవీనే లెక్క. దాన్ని మళ్ళీ లేపడానికి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. నిద్రపోయిన ఖాతాలో మినిమం బ్యాలెన్స్ జరిమానా వెయ్యకూడదు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ రెండూ నియమాలు. ఎక్కడున్నా ఆరు నెలలకోసారి ఒక వంద రూపాయలు వేసి తీసుకోండి. ఖాతా నడుస్తూ ఉంటుంది.

ఫోన్ నంబరు సంగతి మరీ మరీ చెప్తున్నాను. సుగ్గిలో సిమ్ పోతుంది, కొత్తది కొంటారు. పాత నంబరు కొన్నాళ్ళకు కంపెనీ ఇంకెవరికో ఇచ్చేస్తుంది. మీ బ్యాంకు మెసేజ్‌లు ఎవరో తెలియని మనిషికి పోతాయి. నంబరు మారిన వారంలోనే బ్యాంకులోనూ, ఆధార్ కేంద్రంలోనూ మార్పించండి. ఇంకోటి. బ్యాంకులు కలిసిన ప్రతిసారీ మోసగాళ్ళ ఫోన్లు పెరుగుతాయి. "మీ బ్యాంకు మారింది, ఖాతా ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అంటారు. బ్యాంకు మనిషి ఎవరూ ఫోనులో ఓటీపీ అడగరు. చెప్పి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

బ్యాంకులో పని చేసే అన్నలు, అక్కలు కూడా ఈ ప్రసంగం వింటూ ఉంటారు. వాళ్ళకు ఒక మనవి. మీ బ్రాంచిలో మనుషులు తక్కువని తెలుసు. వరుస పెద్దదని తెలుసు. అయినా "డబ్బు రాలేదు, పో" అనే మాటకు బదులు "మీ ఆధార్ ఫలానా బ్యాంకుకు లింకు ఉందమ్మా" అని చెప్తే ఆమెకు ఒక రోజు కూలి మిగులుతుంది. పేరు మారినా, చార్జీ మారినా ఆ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి సచివాలయం గోడకు అంటించండి. సంత రోజు దండోరా వేయించండి. ఇంగ్లీషు మెసేజ్ పంపించాం, మా పని అయిపోయింది అనుకోవద్దు. పని అవతలి మనిషికి తెలిసినప్పుడే అవుతుంది.

బ్యాంకులో అడిగారు, కాగితం ఇచ్చారు, 30 రోజులైనా జవాబు లేదు. అప్పుడేం చెయ్యాలి? రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. గ్రామీణ బ్యాంకుల మీద కూడా ఫిర్యాదు తీసుకుంటారు. రుసుము లేదు. లాయరు అక్కర్లేదు. ఎలా చెయ్యాలో తెలుసుకోవడానికి 14448కి ఫోన్ చెయ్యండి. నంబరు రాసుకోండి. 1, 4, 4, 4, 8. ముద్ర వేయించుకున్న ఆ కాగితం అప్పుడు మీకు పనికొస్తుంది.

దీపావళి దాటితే మన ఊళ్ళలో సుగ్గి బండ్లు కదులుతాయి. బండి ఎక్కకముందు ఒక్క పూట ఈ పనికి కేటాయించండి. ఇంట్లో ఉన్న పాస్‌బుక్కులన్నీ, ఆధార్ కార్డులన్నీ ఒక సంచిలో వేసుకుని సచివాలయానికి పోండి. డ్వాక్రా సంఘం అక్కలు పదిమంది కలిసి పోతే ఇంకా మంచిది. ఒకరికి చదవడం రాకపోయినా ఇంకొకరికి వస్తుంది. ఊళ్ళో ఉండిపోయే అవ్వల, తాతల కార్డులు కూడా తీసుకుపోండి. వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు ఆ తర్వాత నాలుగు నెలలు ఊళ్ళో ఉండరు.